గానుగ విప్పినా గుర్రం గుండ్రంగానే

జానీ అని ఒక గుర్రం ఉండేది. డబ్లిన్‌లో ప్యాట్రిక్ మోర్కన్ అనే పెద్దాయనది. ఆయనకి ఒక స్టార్చ్ మిల్లు. మన గానుగెద్దు లాగే, మిల్లు ఆడాలంటే జానీ పొద్దస్తమానం గుండ్రంగా నడుస్తూ ఉండాలి. ఒకరోజు పెద్దాయనకి దర్జాగా బండి కట్టుకుని మిలిటరీ పరేడ్ చూడ్డానికి వెళ్లాలని సరదా పుట్టింది. నెత్తిన పొడుగు టోపీ, మెడకి గట్టి కాలర్, బండికి జానీ. ఊరి నడిబొడ్డుకి వచ్చేదాకా అంతా బాగానే సాగింది. అక్కడ గుర్రమెక్కిన ఒక రాజుగారి విగ్రహం ఉంది. దాన్ని చూడగానే జానీకి ఏమయిందో ఏమో, విగ్రహం చుట్టూ తిరగడం మొదలెట్టింది. ఒక రౌండు, రెండు రౌండ్లు, మూడు... పెద్దాయన తిడుతున్నాడు, అరుస్తున్నాడు. జానీ మాత్రం తన డ్యూటీ తను చేసుకుపోతోంది.

జేమ్స్ జాయిస్ రాసిన ‘ది డెడ్’ అనే కథలో, పార్టీ అయిపోయి అందరూ ఇళ్లకి బయల్దేరే టైంలో గేబ్రియల్ అనే ఆయన తన తాతగారి గురించి ఈ ముచ్చట చెప్తాడు. చెప్పడమే కాదు, హాల్లో తనే గుర్రంలా గుండ్రంగా నడిచి చూపిస్తాడు. అందరూ పడీ పడీ నవ్వుతారు. మనమూ నవ్వుతాం. నవ్వి రెండు పేజీలు ముందుకెళ్లాక మెల్లగా బల్బు వెలుగుతుంది. ఆ విగ్రహం మూడో విలియందండీ. 1690లో బాయిన్ నది ఒడ్డున గెలిచి, ఐర్లండ్ మీద ఇంగ్లండ్ పట్టు బిగించిన రాజు. అంటే ఆ జంతువుకి గానుగ విప్పి, బయట ప్రపంచం చూపిస్తే, అది వెళ్లి పాలకుడి విగ్రహాన్ని గానుగ చేసుకుంది. జాయిస్ ఈ మాట ఎక్కడా చెప్పడు. గుర్రాన్ని తిప్పి వదిలేస్తాడు.

ఈ వారం మాట్లాడుకునేది ఆ గుర్రం ఊరి గురించి. పుస్తకం పేరు ‘డబ్లినర్స్’. 15 కథలు, 1914లో వచ్చింది. నాలుగేళ్ల బీటెక్‌లో మాకు ఇంగ్లిష్ అంటే కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘షిప్’కీ ‘షీప్’కీ తేడా వినడం. అందుకే నేను జాయిస్‌ని సిలబస్‌లో చదవలేదు, ఆఫీస్ క్యాబ్‌లో ఫోన్‌లో చదివా. అదే మంచిదయింది అనుకుంటా. పరీక్ష రాయక్కర్లేదు కాబట్టి ‘సింబాలిజం’ వెతుక్కోకుండా, ఈ మనుషులు ఎందుకిలా ఇరుక్కుపోయారు అని మాత్రమే చూశా.

ముందు ఊరి పరిస్థితి కొంచెం తెలియాలి. 1801 దాకా డబ్లిన్‌కి సొంత పార్లమెంటు ఉండేది. బ్రిటన్‌తో విలీనమై అది పోయింది. ప్రభువులు, డబ్బున్నవాళ్లు మెల్లగా లండన్ సర్దుకున్నారు. వాళ్లు కట్టుకున్న నాలుగంతస్తుల మేడలు మిగిలాయి. తర్వాత 1845 నుంచి బంగాళాదుంప పంటకి తెగులు, కరువు. పది లక్షల మంది చనిపోతే, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కారు. కరువు ఆగింది గానీ వలస ఆగలేదు. 1841లో సుమారు 82 లక్షలున్న ఐర్లండ్ జనాభా 1901కి దాదాపు 45 లక్షలు. అరవై ఏళ్లలో ఒక దేశం సగానికి తగ్గిపోయింది. ప్రపంచమంతా జనాభా పెరుగుతున్న కాలంలో.

ఆ మేడలేమయ్యాయి? గదుల లెక్కన అద్దెకిచ్చేశారు. 1911 జనాభా లెక్కల్లో డబ్లిన్ నడిబొడ్డున ఇలాంటి ఇళ్లల్లో దాదాపు 26,000 కుటుంబాలున్నాయి. అందులో 20,000 కుటుంబాలకి ఉన్నది ఒక్కటే గది. ఒకప్పుడు ప్రభువులున్న హెన్రియెట్టా స్ట్రీట్‌లో 15 ఇళ్లల్లో 835 మంది. మీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర క్యూ గురించి వాట్సాప్ గ్రూపులో గొడవ పడే ముందు ఒకసారి ఈ అంకె గుర్తు తెచ్చుకోండి.

పైన ఇంకో దెబ్బ. ఐర్లండ్‌కి స్వపరిపాలన తెస్తాడని జనం నమ్మిన నాయకుడు చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్. ఒక పెళ్లయిన స్త్రీతో ఆయనకున్న సంబంధం 1890లో విడాకుల కోర్టుకెక్కింది. సొంత పార్టీ చీలింది, చర్చి ఎదురు తిరిగింది. 1891 అక్టోబర్ 6న ఆయన చనిపోయాడు. అప్పుడు జాయిస్‌కి తొమ్మిదేళ్లు. ఆ పిల్లాడు పార్నెల్‌కి ద్రోహం చేసినవాళ్లని తిడుతూ పద్యం రాస్తే, వాళ్ల నాన్న మురిసిపోయి అచ్చు వేయించాడు. అదే నాన్న తర్వాత ఉద్యోగం పోగొట్టుకుని, ఆస్తులమ్ముకుని, తాగి, పదిమంది పిల్లల్ని వేసుకుని ఇల్లు తర్వాత ఇల్లు మారాడు. ప్రతిసారీ ముందుదానికన్నా చిన్న ఇల్లు. కాబట్టి ‘దిగజారడం’ అనే మాటని జాయిస్ లైబ్రరీలో నేర్చుకోలేదు. సామాన్ల బండి వెనక నడుస్తూ నేర్చుకున్నాడు.

ఇక కథలు. 15లో నాకు బాగా పట్టుకున్నవి మూడు.

మొదటిది ‘ఎవలిన్’. చాలా చిన్న కథ, మీ మెట్రోలో నాలుగు స్టేషన్లు దాటేలోపు అయిపోతుంది. ఎవలిన్‌కి 19 దాటాయి. ఒక స్టోర్‌లో పని. వారానికి ఏడు షిల్లింగుల జీతం, మొత్తం తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టాలి. మళ్లీ శనివారం రాత్రి సరుకులకి డబ్బడిగితే, ‘నీకు డబ్బు విలువ తెలీదు, తగలేస్తావు’ అని ఆయన సాధింపు. అది తన జీతమే అని గుర్తుందా? అమ్మ పోయింది. ఒక తమ్ముళ్లూ చెల్లెళ్లూ అని కాదు, తన మీద పడ్డ ఇద్దరు చిన్నపిల్లల్ని చూసుకోవాలి. నాన్న చెయ్యెత్తుతాడేమో అన్న భయంతో గుండె దడ. ఇలాంటప్పుడు ఫ్రాంక్ అనే నావికుడు పరిచయమయ్యాడు. పెళ్లి చేసుకుని బ్యూనస్ ఎయిర్స్ వెళ్లిపోదాం అన్నాడు. టికెట్ రెడీ. రేవులో ఓడ రెడీ. చివరి నిమిషంలో ఎవలిన్ ఇనప కటకటాలు పట్టుకుని వదల్లేదు. ఫ్రాంక్ పిలుస్తున్నాడు, జనం తోస్తున్నారు, ఆమె మొహంలో ఏ భావమూ లేదు. అయిపోయింది కథ.

మొదటిసారి చదివితే, ‘అయ్యో, వెళ్లిపోవచ్చు కదా’ అని చిరాకేస్తుంది. మా ఫ్రెండ్ ఒకడు అదే అన్నాడు, ‘ఇందులో ఏమీ జరగలేదు కదరా’ అని. కరెక్టే, ఏమీ జరగలేదు. అసలు పాయింట్ అదే. మా ఫీల్డ్‌లో డెడ్‌లాక్ అని ఒకటుంటుంది. రెండు ప్రోగ్రాంలు. మొదటిదానికి కావలసింది రెండోది పట్టుకుని ఉంటుంది, రెండోదానికి కావలసింది మొదటిది పట్టుకుని ఉంటుంది. రెండూ మర్యాదగా ఎదుటివాళ్లు వదులుతారేమోనని కూర్చుంటాయి. సిస్టమ్ క్రాష్ అయితే ఎర్రర్ వస్తుంది, అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది, ఎవడో ఒకడు లేచి సరిచేస్తాడు. డెడ్‌లాక్‌లో ఏ శబ్దమూ రాదు. బయటి నుంచి చూస్తే అన్నీ నడుస్తున్నట్టే ఉంటాయి.

ఎవలిన్‌ని పట్టుకున్నవి ఏమిటో చూడండి. చనిపోయే ముందు అమ్మకి ఇచ్చిన మాట, ఇల్లు చెదిరిపోకుండా చూసుకుంటానని. ఆ మాట అడిగిన అమ్మ బతుకు ఏమయింది? చాకిరీ చేసీ చేసీ, చివరికి మతి చలించి పోయింది. అమ్మ బతుకు తలుచుకుంటే పారిపోవాలనిపిస్తుంది. అమ్మకిచ్చిన మాట తలుచుకుంటే కాళ్లు కదలవు. రెండూ ఒకే అమ్మ. గోడ మీద ఎవరో ఫాదర్‌గారి ఫోటో ఒకటి పాతబడి పసుపెక్కి ఉంటుంది. ఆయన ఎవరని చుట్టాలడిగితే నాన్న ఒకటే మాట అంటాడు, ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉన్నాడని. నాకైతే కథ మొత్తంలో అదే గట్టిగా తగిలింది. ఓర్చుకోమని చెప్పే ఫాదర్‌గారు కూడా ఓడెక్కేశాడు.

ఈ కథ మొదట వచ్చింది ఎక్కడో తెలుసా? 1904 సెప్టెంబర్ 10న, ‘ది ఐరిష్ హోమ్‌స్టెడ్’ అనే వీక్లీలో. రైతు సహకార సంఘాల పత్రిక అది. వెన్న తీసే యంత్రాల సంగతులు, పశువుల సంగతులు, వాటి పక్కన ఎవలిన్. కథకి ఒక పౌను ఇచ్చేవాళ్లు. మూడు కథలు వేశాక పాఠకుల నుంచి ఫిర్యాదులొస్తున్నాయని ఎడిటర్ ఇక చాలన్నాడు. ఇంకో ముచ్చట. ఎవలిన్ అచ్చయి నెల తిరక్కుండానే, అక్టోబర్ 8న, 22 ఏళ్ల జాయిస్ పెళ్లి కాకుండానే నోరా బార్నకల్ అనే 20 ఏళ్ల అమ్మాయితో కలిసి డబ్లిన్‌లో ఓడెక్కేశాడు. నోరా ఒక హోటల్లో గదులు సర్దే పనిలో ఉండేది. ఎవలిన్ వదల్లేని కటకటాలని నోరా వదిలేసింది. కథలో ధైర్యం చెయ్యనివ్వనివాడు, బయట ధైర్యం చేసిన అమ్మాయితో బతికాడు. జీవితాంతం.

రెండోది ‘కౌంటర్‌పార్ట్స్’. పేరుకి అర్థం, ఒకే దస్తావేజుకి జంట నకళ్లు. ఫారింగ్టన్ ఒక లాయర్ల ఆఫీసులో నకలు రాసే గుమాస్తా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరో రాసింది మళ్లీ రాయడం. కాపీ పేస్ట్, కానీ చేత్తో. డెడ్‌లైన్ సాయంత్రం నాలుగు. మనిషి భారీ ఆకారం, బాసేమో పీలగా, గుడ్డులాంటి బట్టతలతో. ఆ చిన్న మనిషి అందరి ముందూ అరుస్తాడు, ‘నేనేమన్నా వెధవలా కనిపిస్తున్నానా?’ అన్న టైపులో. ఫారింగ్టన్ నోటి నుంచి అనుకోకుండా ఒక జవాబొస్తుంది, అది నన్నడగాల్సిన ప్రశ్న కాదు సార్ అని. జీవితంలో ఒకే ఒక్క మంచి డైలాగు. దానికి కాళ్లబేరానికి రావలసి వస్తుంది, క్షమాపణ చెప్పాలి.

సాయంత్రం గడియారం తాకట్టు పెట్టి ఆరు షిల్లింగులు తెస్తాడు. పబ్బులో ఫ్రెండ్స్‌కి మందు పోయిస్తూ ఆ డైలాగు చెప్తాడు. ఇంకొకడొచ్చాక మళ్లీ చెప్తాడు. ఆఫీసులో ఓడిపోయిన సీను ఇక్కడ హీరో ఎంట్రీ అయిపోతుంది. డబ్బులైపోతుంటాయి. ఒక కుర్రాడితో చేతిపందెంలో రెండుసార్లు ఓడిపోతాడు. జేబులో రెండు పెన్నీలు మిగులుతాయి. గడియారం లేదు, మత్తు కూడా సరిగ్గా ఎక్కలేదు. ఇంటికెళ్తే భార్య చర్చికి వెళ్లింది, పొయ్యి ఆరిపోయి ఉంది. చీకట్లోంచి చిన్నకొడుకు దిగొచ్చాడు. చేతికర్ర తీసుకుని ఆ పిల్లాణ్ణి కొడతాడు. పిల్లాడు, కొట్టకు నాన్నా, నీకోసం ప్రార్థన చేస్తాను అని ఏడుస్తాడు. అక్కడితో ఆపేశాడు జాయిస్.

అత్త మీద కోపం దుత్త మీద అనే మనకి ఈ కథ చెప్పక్కర్లేదు. కానీ జాయిస్ చూపించేది కోపం ఒక్కటే కాదు, దాని దారి. మేం ప్రోగ్రాంలో తప్పెక్కడ పుట్టిందో తెలుసుకోవడానికి స్టాక్ ట్రేస్ చూస్తాం, చివర పగిలిన లైను నుంచి ఒక్కో మెట్టూ పైకి వెళ్తూ. ఇక్కడ కింది నుంచి చదవండి: పిల్లాడు, కర్ర, పబ్బు, తాకట్టు కొట్టు, బాసు గది. బాసు యాస ఉత్తర ఐర్లండ్ యాస అని కథ మొదట్లోనే ఒక మాట ఉంటుంది. అంటే ఆ పైన ఇంకో మెట్టు. అయినా ఫారింగ్టన్‌ని వదిలెయ్యాలనిపించదు. అతని మీద జాలిపడేలోపు చేతిలో కర్ర కనబడుతుంది. ‘పాపం, సిస్టమ్ తప్పు’ అని చెప్పి తప్పించుకోవడానికి ఈ కథ ఒప్పుకోదు. ‘వాడంతే, తాగుబోతు వెధవ’ అని తేల్చెయ్యడానికీ ఒప్పుకోదు.

మూడోది ‘ఎ లిటిల్ క్లౌడ్’. ఇది చదివాక రెండ్రోజులు నేను మూడీగా తిరిగా, మీరు జాగ్రత్త. లిటిల్ చాండ్లర్ వయసు 32, కోర్టు పనుల గుమాస్తా. పాత ఫ్రెండ్ గల్లాహర్ ఎనిమిదేళ్ల తర్వాత లండన్ నుంచి వచ్చాడు. జర్నలిస్టుగా అక్కడ పేరు తెచ్చుకున్నాడు. ఆన్‌సైట్ వెళ్లొచ్చిన మన కొలీగ్ ఫుడ్ కోర్టులో కూర్చుని మాట్లాడినట్టే మాట్లాడతాడు. ప్యారిస్ చూశావా? బెర్లిన్? అబ్బే, నువ్వు బయటికి రావాలి బ్రో. చాండ్లర్‌కి మనసులో కవి కావాలని కోరిక. ఒక్క కవిత రాయలేదు, కానీ విమర్శకులు తన పుస్తకం గురించి ఏమని రాస్తారో ఆ వాక్యాలు తయారు చేసుకుంటూ నడుస్తాడు. పేరు మధ్యలో మలోన్ అని చేరిస్తే ఇంకా ఐరిష్‌గా ఉంటుందా అని కూడా ఆలోచిస్తాడు. పోస్టు రాయకముందే ప్రొఫైల్ పిక్ సెట్ చేసుకోవడం అంటే ఇదే.

అలా నడిచే దారే ఇందాక చెప్పిన హెన్రియెట్టా స్ట్రీట్. రోడ్డు నిండా, గడపల నిండా మురికి పట్టిన పిల్లలు. చాండ్లర్ వాళ్లని పట్టించుకోడు. వాళ్ల మధ్యలోంచి ఒడుపుగా దారి చేసుకుని వెళ్తాడు. ఎప్పుడో ఆ మేడల్లో వెలిగిన ప్రభువుల జ్ఞాపకం కూడా అతనికి తగల్దు, ఎందుకంటే మనసంతా గల్లాహర్. 835 మంది ఉన్న ఆ పదిహేను ఇళ్లని కథ రెండు మూడు వాక్యాల్లో దాటేస్తుంది. దాటేసేది జాయిస్ కాదు, చాండ్లర్. కవి కావాలనుకునేవాడికి ఎదురుగా ఒక ఊరి కథ ఉంది, వాడు మాత్రం లండన్ వైపు చూస్తున్నాడు.

ఇంటికొస్తే వాయిదాల మీద కొన్న ఫర్నిచర్, ఇంకా డబ్బు కట్టాల్సిందే. తెమ్మన్న కాఫీ పొడి మర్చిపోయాడు. భార్య టీ పొడి కోసం బయటికెళ్తూ పిల్లాణ్ణి చేతిలో పెట్టింది. ఒక చేత్తో పసివాణ్ణి ఎత్తుకుని ఇంకో చేత్తో బైరన్ కవితలు తీశాడు. బిడ్డ ఏడ్చింది. ఊపాడు, ఆగలేదు. చివరికి మొహంలో మొహం పెట్టి ఆపు అని అరిచాడు. పసివాడికి ఏడ్చీ ఏడ్చీ ఊపిరందడం లేదు. భార్య పరిగెత్తుకొచ్చి లాక్కుంది. చాండ్లర్ సిగ్గుతో దీపం వెలుగుకి దూరంగా జరిగాడు, కళ్లల్లో నీళ్లు.

దూరపు కొండలు నునుపు అనేది సగమే ఇక్కడ. ఎందుకంటే జాయిస్ గల్లాహర్‌ని కూడా వదల్లేదు. దేశం దాటినవాడు గొప్పవాడేం కాదు. గొంతు పెద్దది, మొహం పాలిపోయింది, డబ్బున్న అమ్మాయి దొరికితే పెళ్లి అంటాడు. ఉండిపోయినవాడు కుళ్లిపోయాడు, వెళ్లిపోయినవాడు చవకబారువాడయ్యాడు. తను కూడా వెళ్లిపోయినవాడే అయిన రచయిత ఈ మాట రాశాడు, అది గమనించాలి. మన దగ్గర ‘ఇండియాలో ఏముంది రా’ బ్యాచ్‌కీ, ‘అక్కడ ఏం పొడుస్తారు’ బ్యాచ్‌కీ ఈ కథ సమానంగా గుచ్చుకుంటుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ‘అరబీ’లో ఒక పిల్లాడు, ఇష్టపడ్డ అమ్మాయి కోసం ఏదైనా కొందామని బజారుకి వెళ్తాడు, మామయ్య డబ్బులివ్వడం ఆలస్యమై అక్కడ దీపాలార్పేసే టైంకి చేరతాడు. ‘టూ గాలంట్స్’లో ఇద్దరు కుర్రాళ్లు, ఒకడు పనిమనిషి దగ్గర బంగారు నాణెం గుంజుకొస్తాడు. రెండోవాడు, 31 దగ్గర పడుతున్నవాడు, ఒక ప్లేటు బఠానీలు తిని ఎప్పటికైనా నాకో ఇల్లు, ఒక మంచి అమ్మాయి అనుకుంటూ కూర్చుంటాడు. ‘ది బోర్డింగ్ హౌస్’లో మూనీ అమ్మగారు కసాయివాడి కూతురు. తన కూతురితో దొరికిపోయిన అద్దెకుర్రాడి చేత పెళ్లికి ఒప్పించాలి. టైం చూసుకుంటుంది, 11 గంటల 17 నిమిషాలు. వీడి సంగతి తేల్చేసి పన్నెండు గంటల ప్రార్థనకి వెళ్లిపోవచ్చు! ‘ఐవీ డే’ కథలో ఎన్నికల ప్రచారం చెయ్యాల్సినవాళ్లు చలిమంట చుట్టూ కూర్చుని, కూలి డబ్బులూ మందు సీసాలూ ఎప్పుడొస్తాయా అని చూస్తుంటారు. ఒకతను అభ్యర్థి కార్డు చింపి దాంతోనే సిగరెట్ ముట్టిస్తాడు. ఆ రోజు పార్నెల్ వర్ధంతి. సీసాలు తెరిచే సాధనం లేక మంట పక్కన పెడితే, మూతలు ఒకదాని తర్వాత ఒకటి టప్‌మని ఎగురుతాయి. ఒక ఉద్యమానికి దక్కిన తుపాకీ వందనం అంతే.

ఇవన్నీ వరసగా చదివితే ఒకటి తోస్తుంది. ఈ ఊళ్లో విలన్ లేడు. బ్రిటిష్ సిపాయి వచ్చి ఎవర్నీ కొట్టడు. ఫాదర్‌లు కూడా చెడ్డవాళ్లేం కాదు, మొదటి కథలో ముసలి ఫాదర్‌గారే పక్షవాతంతో పోతాడు. జాయిస్ ఆ పక్షవాతం అనే మాటనే ఊరికంతా వాడాడు. తన దేశపు నైతిక చరిత్రలో ఒక అధ్యాయం రాయాలనుకున్నానని, ఆ జబ్బుకి కేంద్రం డబ్లినే అనిపించి దాన్ని ఎంచుకున్నానని ప్రచురణకర్తకి ఉత్తరం రాశాడు. మన మోటివేషన్ రీల్స్‌లో కదలనివాడు అంటే బద్ధకస్తుడు, పొద్దున్నే అయిదింటికి లేవనివాడు. డబ్లినర్స్‌లో బద్ధకస్తులు చాలా తక్కువమందండీ. ఎవలిన్ కన్నా, మరియా అనే లాండ్రీ పనామె కన్నా కష్టపడేవాళ్లు దొరకరు. అందరూ నడుస్తూనే ఉంటారు. గుండ్రంగా.

ఈ పుస్తకం బయటికి రావడం కూడా ఒక డబ్లిన్ కథే. లండన్ ప్రచురణకర్త గ్రాంట్ రిచర్డ్స్ 1906లో ఒప్పుకున్నాడు. ప్రింటర్ భయపడ్డాడు, ఎందుకంటే అప్పటి చట్టంలో అభ్యంతరకరమైనది అచ్చేస్తే ప్రింటర్‌కీ శిక్షే. ఒక బూతుమాట తీసెయ్, ఆ కథ తీసెయ్ అని సాగి సాగి, రిచర్డ్స్ చేతులెత్తేశాడు. తర్వాత డబ్లిన్‌లోనే మాన్సెల్ కంపెనీ ఒప్పుకుంది. కథల్లో ఏడో ఎడ్వర్డ్ రాజు గురించి మాటలున్నాయని మళ్లీ భయం. జాయిస్ ఏం చేశాడో తెలుసా? 1911లో ఏకంగా ఎడ్వర్డ్ కొడుకు అయిదో జార్జ్ రాజుకే ఉత్తరం రాశాడు, మీ నాన్నగారి మీద ఈ పేరా మీకు అభ్యంతరమా అని! ఇలాంటి వాటి మీద రాజుగారు అభిప్రాయం చెప్పరు అని కార్యదర్శి నుంచి జవాబొచ్చింది. చివరికి 1912లో అచ్చయిన వెయ్యి కాపీల కాగితాలని ప్రింటర్ నాశనం చేసేశాడు. జాయిస్ ఎలాగో ఒక ప్రూఫ్ సెట్టు సంపాదించి డబ్లిన్ వదిలాడు, మళ్లీ ఆ ఊళ్లో అడుగు పెట్టలేదు. 1914లో మళ్లీ ఆ రిచర్డ్సే వేశాడు. 1,250 కాపీల్లో మొదట అమ్ముడుపోయింది 499. అందులో 120 జాయిస్ తనే కొన్నాడు. కాంట్రాక్టు ప్రకారం 500 దాటితేనే రాయల్టీ. ఒక్క కాపీ!

ఇంత మెచ్చుకున్నాక, నాకున్న పేచీ కూడా చెప్పాలి. ఊరంతా పక్షవాతం అన్నది పూర్తి నిజం కాదు. జాయిస్ ఓడెక్కిన 1904లోనే, డిసెంబర్‌లో, డబ్లిన్‌లో అబ్బీ థియేటర్ తెరుచుకుంది. ఐరిష్ భాషని బతికించడానికి గేలిక్ లీగ్ 1893 నుంచే పనిచేస్తోంది. 1913లో జిమ్ లార్కిన్ వెనక దాదాపు 20,000 మంది కార్మికులు నెలల తరబడి యజమానులతో తలపడ్డారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో చర్చ్ స్ట్రీట్‌లో పాత ఇళ్లు కూలి ఏడుగురు చనిపోతే ఊరు మండిపడింది. 1916లో తిరుగుబాటు. పక్షవాతం వచ్చిన మనిషి ఇవన్నీ చెయ్యడు కదా? జాయిస్ కెమెరా గుమాస్తాలు, చిన్న అప్పులవాళ్లు, పరువు కోసం కాలర్ గంజి పెట్టుకునేవాళ్ల దగ్గరే ఆగింది. హెన్రియెట్టా స్ట్రీట్ పిల్లలు ఒక్క కథలో కూడా హీరోలు కారు. ‘టూ గాలంట్స్’లో నాణెం ఇచ్చిన పనమ్మాయికి పేరు కూడా లేదు. తన మీద తనకే అనుమానం వచ్చిందేమో, రోమ్‌లో ఉండగా 1906లో తమ్ముడికి రాశాడు, డబ్లిన్ పట్ల మరీ కఠినంగా ఉన్నానేమో, వాళ్ల ఆతిథ్యం గురించి రాయలేదు కదా అని. ఆ తర్వాత రాసిందే ‘ది డెడ్’. ముసలి పిన్నమ్మల ఇంట్లో పార్టీ, బాతు మాంసం, పాటలు, ఆ గుర్రం ముచ్చట. అందరికన్నా చదువుకున్న గేబ్రియల్‌కి ఆ రాత్రి హోటల్ గదిలో తెలుస్తుంది, తన భార్య కోసం పదిహేడేళ్లకే ప్రాణం పోగొట్టుకున్న ఒక కుర్రాడున్నాడని. చనిపోయినవాడు తనకన్నా ఎక్కువ బతికాడని. ఆ ఒక్క కథ ముందున్న పద్నాలుగింటి రంగు మార్చేస్తుంది.

ఇక్కడ మన వైపు ఒక చిన్న తీగ. 1904 జూన్‌లో ఉండటానికి చోటు లేక జాయిస్ కొన్ని రోజులు ఒక కవి దంపతుల ఇంట్లో తలదాచుకున్నాడు. జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్. ఇద్దరూ పక్కా శాకాహారులు. అన్నం పెట్టారన్న మొహమాటం కూడా లేకుండా జాయిస్ తర్వాత ఒక వ్యంగ్య పద్యంలో కజిన్స్ పేరు లాగి ఎగతాళి చేశాడు. ఆ దంపతులు 1915లో అనీబిసెంట్ పిలుపు మీద మద్రాసు వచ్చారు. కజిన్స్ మన మదనపల్లె థియోసాఫికల్ కాలేజీలో పనిచేశాడు. 1919లో టాగోర్ అక్కడికొచ్చినప్పుడు ‘జనగణమన’కి స్వరలిపి రాయడంలో సాయం చేసింది ఈ మార్గరెట్టే. అంటే పక్షవాతపు డబ్లిన్ అని జాయిస్ వదిలేసిన ఊరి నుంచే, ఆయనకి మంచం ఇచ్చిన మనుషులు రాయలసీమ దాకా నడిచొచ్చారు. జాయిస్ కథల్లోకి ఇలాంటివాళ్లు ఎందుకు రాలేదో నాకైతే అర్థమవుతుంది. కదిలేవాళ్ల మీద ఆయనకి ఆసక్తి లేదు.

స్వతంత్రం వచ్చాక గానుగ ఆగిందా? విలియం విగ్రహమైతే 1928లో పేలుడుకి దెబ్బతింది, తీసేశారు. 1929లో కొత్త దేశం సొంతంగా సెన్సార్‌షిప్ చట్టం తెచ్చుకుంది. 1949లో మార్టిన్ ఓ కైన్ ఐరిష్ భాషలో ‘క్రే నా కిల్లె’ అనే నవల రాశాడు. అందులో పాత్రలన్నీ శవాలే! ఊరి శ్మశానంలో మట్టి కింద పడుకుని వాగుతూ ఉంటారు. కొత్తగా పాతిపెట్టిన కట్రీనా ముందు తెలుసుకోవాలనుకునేది, తనని ఒక పౌను ప్లాటులో పెట్టారా, పదిహేను షిల్లింగుల ప్లాటులోనా అని. పైన బతికున్న చెల్లెలి మీద అసూయ చచ్చినా చావలేదు. స్థిరాస్తి గోల, పక్కింటి గోల, ఎన్నికలు కూడా పెట్టుకుంటారు. ఇంగ్లిష్‌లోకి 2015లో గానీ రాలేదు. డబ్లినర్స్ ఏడిపిస్తే ఇది నవ్వించి అదే చోటికి తీసుకెళ్తుంది.

చదవాలనుకుంటే డబ్లినర్స్‌కి కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఫ్రీగా ఫోన్‌లోకి దించుకోవచ్చు. మొదటి కథతో మొదలుపెట్టకండి, అది కొంచెం మూగగా ఉంటుంది. ‘ఎవలిన్’, తర్వాత ‘కౌంటర్‌పార్ట్స్’, తర్వాత ‘ఎ లిటిల్ క్లౌడ్’. షిల్లింగులూ పెన్నీల లెక్క వచ్చినచోట దాటెయ్యకండి, జాయిస్ మనుషుల పరిస్థితి చాలావరకు ఆ చిల్లరలోనే చెప్తాడు. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. ‘ది డెడ్’ పెద్దది, క్యాబ్‌లో కుదరదు. ఇంట్లో అందరూ పడుకున్నాక, నోటిఫికేషన్లు ఆపేసి, ఒకే కూర్చోవడంలో చదవండి.